రెప్ప పడితే కదిలే రాళ్లు: ‘బ్లింక్’ కథలో ముడులు, వాటి వెనక లెక్కలు

క్లుప్తంగా

బీబీసీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో 2007 జూన్ 9న ప్రసారమైన ‘బ్లింక్’ చూసినవాళ్లకు సాధారణంగా రెండు సందేహాలు మిగులుతాయి. డీవీడీలో కాలయాత్రికుడైన డాక్టర్ చెప్పిన మాటలు అసలు ఎవరు రాశారు? ఎవరైనా చూస్తే రాయిగా మారిపోయే ఆ విగ్రహాలకు సైన్సులో ఆధారం ఏమైనా ఉందా? మొదటిదానికి జవాబు సగం సగం: అతనితో మాట్లాడే కథానాయిక శాలీ వైపు మాటలకు కర్త ఉంది, డాక్టర్ వైపు మాటలకు ఎవరూ లేరు. రెండోదాని విషయానికొస్తే, పేరు మాత్రం సైన్సు నుంచి తెచ్చుకున్నది, ప్రవర్తన పూర్తిగా కథకుడి కల్పన. ఈ రెండింటి కంటే తక్కువగా చర్చకు వచ్చేది మూడోది. షూటింగ్ షెడ్యూల్‌లో వచ్చిన ఒక ఇబ్బందిని దాచిపెట్టకుండా దాన్నే కథగా మార్చుకోవడం వల్లే ఈ ఎపిసోడ్ ఇంతకాలం నిలిచింది.

డాక్టర్‌కు డేట్లు లేవు

‘డాక్టర్ హూ’ 1963 నవంబర్ 23న మొదలైంది. 1989లో ఆగిపోయి, రస్సెల్ టి. డేవిస్ చేతుల మీదుగా 2005 మార్చి 26న మళ్లీ తెర మీదికొచ్చింది. కాలంలో ప్రయాణించే డాక్టర్, బయటికి నీలంరంగు పోలీస్ పెట్టెలా కనిపించే అతని యంత్రం టార్డిస్, అతని వెంట తిరిగే ఒక తోడు... ఇదీ చట్రం. నటుడు మారినప్పుడల్లా డాక్టర్ శరీరం మారిందని కథలోనే చెప్పేస్తారు కాబట్టి సీరియల్‌కు ముగింపు అవసరం లేకపోయింది. 2007లో పదో డాక్టర్‌గా డేవిడ్ టెనెంట్, తోడు మార్తా జోన్స్‌గా ఫ్రీమా ఆజ్యమన్ నటిస్తున్నారు.

తిరిగొచ్చాక ఏడాదికి 13 ఎపిసోడ్‌లు. 2005 డిసెంబర్ నుంచి క్రిస్మస్ ప్రత్యేక ఎపిసోడ్ తోడై ఆ లెక్క 14కు చేరింది. అన్నిట్లోనూ ప్రధాన పాత్ర ఒకటే, నటుడూ ఒక్కడే, క్యాలెండర్‌లో రోజులు మాత్రం పెరగలేదు. దానికి నిర్మాతలు ఎంచుకున్న దారి డబుల్ బ్యాంకింగ్. రెండు యూనిట్లు రెండు ఎపిసోడ్‌లను ఒకే సమయంలో తీస్తాయి. హీరో ఒకదానిలో పూర్తిగా ఉంటాడు, రెండోదానికి కొద్ది రోజులే ఇస్తాడు. 2006లో ‘లవ్ అండ్ మాన్‌స్టర్స్’ అలా వచ్చింది. 2008లో ‘మిడ్‌నైట్’, ‘టర్న్ లెఫ్ట్’ జంటగా తయారయ్యాయి. మొదటిదానిలో డాక్టర్ ఉంటాడు, తోడు దాదాపు ఉండదు. రెండోదానిలో ఇది తలకిందులు.

2007లో ఆ వంతు స్టీవెన్ మోఫట్ రాసిన ‘బ్లింక్’ది. హీరో లేని కథ రాయమంటే సాధారణంగా అతణ్ని ఊరికి పంపేసి, ఆ ఖాళీలో మరొకరిని పెట్టి నడిపిస్తారు. మోఫట్ ఆ ఖాళీనే కథకు సమస్యగా తీసుకున్నాడు. డాక్టర్ 1969లో చిక్కుకుపోయాడు, టార్డిస్ 2007లో ఉండిపోయింది. అతను శాలీతో మాట్లాడగలిగేది టీవీ తెర మీది నుంచే. దాంతో టెనెంట్ ఎక్కువ భాగం ఒకే చోట కూర్చుని కెమెరాతో మాట్లాడితే సరిపోయింది.

మూల ఆలోచన అప్పటికే మోఫట్ దగ్గరుంది. 2006 డాక్టర్ హూ యాన్యువల్ అనే వార్షిక పుస్తకంలో పిల్లల కోసం అతను రాసిన చిన్న కథలో పన్నెండేళ్ల శాలీ స్పారో ఉంది, వాల్‌పేపర్ కింద సందేశం ఉంది, వీడియో టేపులోంచి ఆమెతో మాట్లాడే తొమ్మిదో డాక్టర్ ఉన్నాడు. విగ్రహాలు మాత్రం లేవు. ఎపిసోడ్‌లో శాలీ పెద్దదైంది, ఆ పాత్ర క్యారీ మల్లిగన్‌కు వచ్చింది. దర్శకురాలు హెటీ మెక్‌డొనాల్డ్. తిరిగొచ్చిన సీరియల్‌కు దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆమే.

గోడ మీద రాత

పాడుబడిన వెస్టర్ డ్రమ్లిన్స్ అనే ఇంట్లోకి శాలీ రాత్రిపూట ఫొటోలు తీయడానికి వెళ్తుంది. ఈ ఇంటి దృశ్యాలు వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో తీశారు. ఊడిపోతున్న వాల్‌పేపర్‌ను ఆమె లాగుతుంటే కింద అక్షరాలు కనిపిస్తాయి. ముందు ఏడ్చే దేవదూత గురించి ఒక హెచ్చరిక. ఇంకొంచెం లాగితే తల వంచమని. మరికొంచెం లాగితే నిజంగానే వంచమని. చివరికి తన పేరే: శాలీ స్పారో, ఇప్పుడే వంచు. వంచుతుంది. కిటికీ అద్దం బద్దలై ఏదో వస్తువు తల మీదుగా దూసుకెళ్లి గోడకు తగులుతుంది. మిగిలిన కాగితం లాగితే డాక్టర్ సంతకం, పక్కన 1969.

ఈ ఒక్క దృశ్యంలోనే కథ నియమాలన్నీ ఉన్నాయి. గతంలో ఉన్న మనిషికి భవిష్యత్తు సెకన్ల లెక్కన తెలుసు. ఎలా తెలుసన్నది చివరి నిమిషాల దాకా బయటపడదు.

తర్వాతి కథ వేగంగా నడుస్తుంది. స్నేహితురాలు క్యాథీ నైటింగేల్ ఆ ఇంట్లోనే మాయమై 1920లో హల్ పట్టణం దగ్గర తేలుతుంది. ఆమె మాయమైన నిమిషంలోనే గుమ్మం దగ్గర ఆమె మనవడు ఉత్తరంతో నిలబడి ఉంటాడు. పోలీసు అధికారి బిల్లీ షిప్టన్ 1969కి వెళ్లిపోతాడు. శాలీ దగ్గర ఫోన్ నంబరు తీసుకున్న కుర్రాడు అదే రోజు ఆసుపత్రి మంచం మీద ముసలివాడై కనిపిస్తాడు. మధ్యలో 38 ఏళ్లు అతను రోజుకొకటి చొప్పున బతికాడు, ఆమెకు మాత్రం గడిచింది ఒక్క పూట. విగ్రహాలు మనిషిని చంపవు. గతంలోకి నెట్టి, అతను ఇక్కడ గడపాల్సిన రోజుల్ని తినేస్తాయి. మోఫట్ దీనికి ‘పొటెన్షియల్ ఎనర్జీ’ అన్న మాట వాడించాడు. ఫిజిక్స్ పాఠంలోని స్థితిజ శక్తికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అయినా కథకు ఇది చేసిన మేలు పెద్దది. రక్తం కనిపించకుండా చావు భయం, ఆ వెంటనే ఒక నిండు జీవితం, రెండూ ఒకే దెబ్బకు వస్తాయి.

సంభాషణ ఎవరిది

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. కథ చూపించే క్రమాన్ని పక్కనపెట్టి, కాగితం ప్రయాణించిన దారిలో వెళ్తే ముడి విడుతుంది.

2007లో పదిహేడు డీవీడీల్లో దాచిన ఒక క్లిప్ దొరుకుతుంది. అందులో డాక్టర్ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు సగం సంభాషణ ఉంటుంది. క్యాథీ తమ్ముడు ల్యారీ ఆ సగాన్ని ముందే రాసి పెట్టుకున్నాడు. శాలీ ఆ క్లిప్ ముందు కూర్చుని తనకు తోచినట్టు మాట్లాడితే, తెర మీది జవాబులు అతికినట్టు సరిపోతాయి. ల్యారీ అప్పటికప్పుడు ఆమె మాటల్ని ఖాళీల్లో రాస్తాడు. సంభాషణ పూర్తవుతుంది. 2008లో శాలీ, ల్యారీ కలిసి నడిపే దుకాణం ముందు డాక్టర్, మార్తా ఏదో వేటలో పరుగెడుతూ కనిపిస్తారు. శాలీ ఎవరో వాళ్లకు ఇంకా తెలియదు. ఆమె అన్నీ ఉన్న ఫైలు అతని చేతిలో పెట్టి, ఒకరోజు 1969లో చిక్కుకుంటారు, అప్పుడు ఇది దగ్గర ఉంచుకోండని చెబుతుంది. అతను నిజంగానే చిక్కుకుంటాడు. ఫైలులోని సంభాషణను ఆటోక్యూ (కెమెరా దగ్గర మాటలు చూపించే తెర) మీద పెట్టి తన వంతు చదువుతాడు. ఆ రికార్డింగు తర్వాత బిల్లీ చేతిలో పడుతుంది. అతను ప్రచురణ రంగంలోకి, అక్కణ్నుంచి వీడియోల్లోకి, చివరికి డీవీడీల్లోకి వచ్చి, శాలీ దగ్గరున్న సరిగ్గా ఆ 17 డీవీడీల్లో దాన్ని పెడతాడు. శాలీ చూస్తుంది.

ఇప్పుడు రెండు వైపులా విడివిడిగా చూడాలి. శాలీ మాటలు ఆ గదిలో ఆమె నోట్లోంచి పుట్టినవే. భయపడింది, చిరాకు పడింది, అడిగింది. వాటికి కర్త ఆమె. డాక్టర్ మాటలు మాత్రం అతను కాగితం చూసి చదివాడు, ల్యారీ ఆ చదివినదాన్ని విని కాగితం మీద రాశాడు. ఎక్కడా ఎవరూ కూర్చుని ఆ వాక్యాల్ని ఆలోచించలేదు. పదిహేడు డీవీడీల జాబితా కూడా అలాంటిదే. దొరికినవి కాబట్టి జాబితాలో ఉన్నాయి, జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటిలో పెట్టారు.

సంభాషణ ఆగిపోయే చోటు దీనికి మంచి రుజువు. తెర మీద డాక్టర్ హఠాత్తుగా, నీ వైపు నుంచి ఇంక మాటలు లేవు, నా దగ్గరున్న కాగితం ఇక్కడితో అయిపోయిందంటాడు. కాగితం అక్కడ ఎందుకు ఆగింది? విగ్రహం గదిలోకి వచ్చేయడంతో ల్యారీ రాయడం ఆపేశాడు. ల్యారీ కలం ఆగిన చోటే 1969లో డాక్టర్ నోరు ఆగింది. రాబోయేదాన్ని ఆ ఖాళీ నుంచే ఊహించి, రెప్ప వేయొద్దని హెచ్చరిస్తాడు.

చిరగని కాగితం

మొదలు లేకుండా చుట్టూ తిరిగే ఇలాంటి సమాచారాన్ని బూట్‌స్ట్రాప్ పారడాక్స్ అంటారు. రాబర్ట్ హైన్‌లైన్ 1941లో రాసిన ఒక కథ శీర్షిక నుంచి వచ్చిన పేరిది. వెనక్కి వెళ్లి తాతను చంపితే ఏమవుతుందనే చిక్కు వేరు, ఇది వేరు. అక్కడ వైరుధ్యం ఉంది, ఒకటి జరిగితే రెండోది జరగకూడదు. ఇక్కడ వైరుధ్యమే లేదు. అన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి. లేనిదల్లా ఆరంభం.

భౌతికశాస్త్రంలోనూ ఈ ప్రశ్న మీద పని జరిగింది. సాపేక్ష సిద్ధాంత సమీకరణాలు కాలంలో మూసుకుపోయే దారుల్ని అనుమతించగలవని 1949లో కర్ట్ గోడెల్ చూపించాడు. అలాంటి దారులే ఉంటే వాటి మీద తమతో తాము పొసగే సంఘటనలే జరుగుతాయన్నది రష్యన్ శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ పేరుతో ఉన్న సూత్రం. 1992లో లోసెవ్, నోవికోవ్ కలిసి రాసిన పరిశోధనా పత్రంలో, ఆరంభం లేకుండా చుట్టూ తిరిగే వాటికి ‘జిన్’ అని పేరు పెట్టి రెండు రకాలు చేశారు. వస్తువే తిరిగితే ఒక రకం, సమాచారం మాత్రమే తిరిగితే రెండో రకం. వస్తువుతో ఇబ్బంది ఎక్కువ. ప్రతి చుట్టులోనూ కొంచెం అరుగుతుంది, మాస్తుంది, చిరుగుతుంది. అయినా చుట్టు మొదట్లో ఎలా ఉందో మళ్లీ అలాగే ఉండాలి. అరిగింది ఎక్కణ్నుంచి తిరిగొస్తుంది?

‘బ్లింక్’లో ఆ ఇబ్బంది రాదు, ఎందుకంటే కాగితం చుట్టూ తిరగదు. 2007లో ల్యారీ రాసిన కాగితం 2008లో డాక్టర్‌కు చేరి, అతనితో 1969కి వెళ్లి, అక్కడితో ఆగిపోతుంది. అక్కణ్నుంచి ముందుకు వచ్చేది వేరే వస్తువు, ఫిల్ము మీద అతని గొంతు. కాగితానికి పుట్టుక ఉంది, డీవీడీకి పుట్టుక ఉంది. వాటి మీద ఉన్న మాటకే లేదు. చాలా కాలప్రయాణ కథలు ఒక గడియారాన్నో ఉంగరాన్నో చుట్టూ తిప్పి ఇక్కడే దొరికిపోతాయి.

రెప్పపాటు ఎంతసేపు

విగ్రహాల నియమం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఏ ప్రాణి చూస్తున్నా అవి రాయి, చూపు తప్పితే మెరుపు వేగం. తమలో ఒకటి ఇంకోదాన్ని చూసినా రాయైపోతాయి కాబట్టే ముఖాలు చేతుల్లో దాచుకుంటాయి. ఏడ్చే దేవదూతలన్న పేరు అలా వచ్చింది. బ్రిటన్ పిల్లలు ఆడే గ్రాండ్‌మదర్స్ ఫుట్‌స్టెప్స్ ఆట కూడా ఇదే పద్ధతి. ముందున్నవాడు వీపు తిప్పితే వెనకవాళ్లు నడుస్తారు, తిరిగి చూస్తే బిగుసుకుంటారు.

నియమం చిన్నదే, పాటించడం అసాధ్యం. మనిషి సగటున నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు, ఒక్కోసారి 0.1 నుంచి 0.4 సెకను వరకు. తక్కువలో తక్కువగా 15 సార్లు, 0.2 సెకను చొప్పున లెక్కేసినా ప్రతి నిమిషంలో 3 సెకన్లు కళ్లు మూసుకునే ఉంటాయి. బలవంతంగా ఆపితే పది సెకన్లు దాటాక కన్నీటి పొర చెదరడం మొదలై కన్ను మండుతుంది, తర్వాత రెప్ప తనంతట తానే పడుతుంది. ఇద్దరు కాపలా ఉంటే సరిపోదా అన్నది చాలామంది వేసే ప్రశ్న. పై అంకెలతోనే, ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చినట్టు రెప్ప వేసుకుంటే, ఇద్దరి రెప్పలూ ఒకేసారి మూతపడే సందర్భాలు నిమిషానికి ఒకటిన్నర చొప్పున వస్తాయి. గట్టిగా ‘నువ్వు వేయి, ఇప్పుడు నేను’ అని వంతులు చెప్పుకుంటే తప్ప ఇద్దరున్నా లాభం లేదు. ఒక కన్ను తర్వాత ఒక కన్ను మూసుకునే ఉపాయం లెక్కలో పనిచేస్తుంది. భయంతో వణికేవాడికి అది ఎంతసేపు సాగుతుందన్నది వేరే మాట.

రెప్ప వేయనివాళ్లు మన కథల్లో దేవతలు. అందుకే వాళ్లకు అనిమిషులని పేరు. నలుడి రూపంలో వచ్చి కూర్చున్న దేవతల్ని దమయంతి గుర్తుపట్టిన ఆనవాళ్లలో ఇదొకటి, వాళ్లకు రెప్ప పడదు, చెమట పట్టదు. ‘బ్లింక్’ ఆ పరీక్షను మనిషికి పెట్టింది, బతకాలంటే కాసేపు అనిమిషుడివి కమ్మని. మనం గడియారంలో చూసే నిమిషం కూడా రెప్పపాటు నుంచి పుట్టిన మాటే.

కెమెరా కూడా చూపే

విగ్రహాలుగా కనిపించినవాళ్లు నటీమణులు, మేకప్, తొడుగుల కింద కదలకుండా నిలబడ్డారు. మొత్తం ఎపిసోడ్‌లో విగ్రహం కదలడం ఒక్కసారి కూడా చూపించరు. ఏ పాత్రా చూడని సమయంలో కూడా చూపించరు, అసలు కిటుకు ఇదే. శాలీ వీపు తిప్పి ఉంటుంది, గదిలో ఇంకెవరూ లేరు, విగ్రహం ఫ్రేములో ఉంది. నియమం ప్రకారం అది కదలాలి. కదలదు. అప్పుడు దాన్ని చూస్తున్నది ఇంట్లో సోఫా మీద కూర్చున్న ప్రేక్షకుడు. ఎక్కడా పైకి చెప్పకుండా, ఎడిటింగ్ అతణ్ని కూడా కాపలాదారుల్లో చేర్చేసింది.

దీనికి కావాల్సిన పని చాలా పాతది. విగ్రహం మీద ఒక షాట్, పాత్ర ముఖం మీద ఒక షాట్, మళ్లీ విగ్రహం మీద ఒక షాట్. మధ్య షాటు నడిచేటప్పుడు నటి భంగిమ మారి, రెండడుగులు ముందుకొచ్చి ఉంటుంది. బ్రిటిష్ టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. 0.2 సెకను రెప్పపాటంటే 5 ఫ్రేములు. కట్‌కు అంత వ్యవధి కూడా అక్కర్లేదు. నేలమాళిగ దృశ్యంలో ఒక విగ్రహం బల్బు వైపు వేలు చూపి కరెంటు లాగేస్తుంది. బల్బు ఆరి వెలిగినప్పుడల్లా ఒక కొత్త భంగిమ. అక్కడ కట్‌ల పని చీకటే చేసింది. కదలిక మొత్తాన్నీ ప్రేక్షకుడి మెదడే పూరించుకుంటుంది కనుక, కంప్యూటర్ గ్రాఫిక్స్ పాతబడినట్టు ఈ భయం పాతబడలేదు.

క్వాంటమ్ అన్నారు కదా

విగ్రహాలు ‘క్వాంటమ్ లాక్’ అయి ఉంటాయని డాక్టర్ చెబుతాడు. దీనికి దగ్గరగా నిజంగా ఉన్నది క్వాంటమ్ జీనో ప్రభావం. ఒక క్వాంటమ్ వ్యవస్థను, అంటే అణువుల స్థాయిలో ఉన్నదాన్ని, పదేపదే కొలుస్తుంటే దాని మార్పు నెమ్మదిస్తుంది, కొలతలు మరీ దగ్గరదగ్గరగా ఉంటే దాదాపు ఆగిపోతుంది. ఈ పేరుతో దీన్ని 1977లో సిద్ధాంతంగా నిలబెట్టింది ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు, బైద్యనాథ్ మిశ్రా, ఇ.సి.జి. సుదర్శన్. 1990లో అమెరికాలో డేవిడ్ వైన్‌లాండ్ బృందం బెరీలియం అయాన్ల మీద ప్రయోగం చేసింది. 256 మిల్లీసెకన్ల వ్యవధిలో కొలతల్ని ఒకటి నుంచి 64 దాకా పెంచుతూ పోతే, స్థితి మారే అయాన్లు తగ్గుతూ వచ్చాయి.

పోలిక అంతవరకే. క్వాంటమ్ కొలతకు కన్ను అవసరం లేదు, ప్రాణం అసలే అవసరం లేదు. ఒక ఫోటాన్ (కాంతి కణం) తగిలినా, గాలి అణువు తగిలినా అది పరస్పర చర్యే. ఆ లెక్కన గదిలో ఉన్న రాతి విగ్రహాన్ని గాలే సెకనుకు లెక్కలేనన్ని సార్లు ‘చూస్తూ’ ఉంటుంది, అది ఎప్పటికీ కదలకూడదు. కథకు కావాల్సింది పరికరం కాదు, చూపు. అందుకే శాస్త్రం నుంచి మాటను మాత్రం తెచ్చుకుని నియమాన్ని తనే రాసుకుంది.

ముగింపులో లొసుగు, తర్వాతి తరం

ఆ నేలమాళిగలోనే నాలుగు విగ్రహాలు చుట్టుముట్టి టార్డిస్‌ను ఊపేస్తుంటే, లోపలున్న శాలీ, ల్యారీలను వదిలేసి యంత్రం మాయమవుతుంది. మధ్యలో అడ్డు పోవడంతో నాలుగూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి, అలాగే రాళ్లై ఉండిపోతాయి. చూడ్డానికి బాగుంది. ఆ బల్బు మాడిపోతే? చీకట్లో చూపు ఎక్కడిది? ఎపిసోడ్ ఈ ప్రశ్న జోలికి వెళ్లదు.

గుర్తింపులో లోటు లేదు. 2008లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు, మోఫట్‌కు అది వరుసగా మూడోది. రచనకు బ్రిటిష్ టీవీ రంగంలో ఇచ్చే బాఫ్టా క్రాఫ్ట్ అవార్డు. డాక్టర్ హూ మ్యాగజైన్ పాఠకుల ఓటింగులో 2009లోనూ, 2014లోనూ రెండో స్థానం.

విగ్రహాలు మళ్లీ వచ్చాయి. మోఫట్ సీరియల్ పగ్గాలు అందుకున్న 2010లో ‘ద టైమ్ ఆఫ్ ఏంజెల్స్’, దాని రెండో భాగం ‘ఫ్లెష్ అండ్ స్టోన్’, 2012లో న్యూయార్క్ నేపథ్యంగా మరొకటి, 2021లో వేరే రచయితల చేతిలో ఇంకొకటి. 2010 రెండో భాగంలో విగ్రహాలు మొదటిసారి తెర మీద తల తిప్పుతూ కనిపించాయి. దృశ్యంగా అది భయపెడుతుంది, కానీ ప్రేక్షకుడి చూపుకు ఉన్న బలం ఆ క్షణంలో పోయింది. ఇక అతను కాపలాదారు కాదు, వట్టి ప్రేక్షకుడు.

అదే కథలో ఇంకో నియమం కలిపారు: దేవదూత బొమ్మ కూడా దేవదూతే అవుతుంది. కొత్త కథకు ఇది పనికొచ్చింది. పాతదానికి వర్తింపజేస్తే మాత్రం చిక్కు వస్తుంది. ‘బ్లింక్’ చివర ఊళ్లోని మామూలు విగ్రహాల్ని ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ హెచ్చరికను మళ్లీ వినిపిస్తారు. కొత్త నియమం ప్రకారం, ఎపిసోడ్‌లోని విగ్రహాల్ని రికార్డు చేసి దాచుకున్నవాళ్ల అల్మరాలో ఇప్పుడు ఉన్నది డీవీడీ కాదు.